మొహం చెప్పని సంగతులు

పార్కిన్సన్స్ వచ్చాక నాన్న మొహంలో కండరాలు బిగుసుకుపోయాయి. న్యూజెర్సీ నుంచి ప్రతి శనివారం వీడియో కాల్ చేసి నేను జోకులేసినా, జీతం పెరిగిందన్నా అదే మొహం. నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకుని, ఓ రెండు వారాలు కాల్ చెయ్యడం మానేశాను కూడా. ఇంతలో రోబోల చరిత్ర చదవడం తటస్థించింది. దీనికీ దానికీ ఏం సంబంధం అంటారా? కాస్త ఓపిక పట్టండి, వస్తున్నా.

1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ చిన్న యానిమేషన్ సినిమా తీశారు. అందులో పాత్రలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం, అంతే. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. అయినా చూసినవాళ్ళు పెద్ద త్రిభుజం జులుం చేస్తోందనీ, వృత్తం పాపం భయపడిందనీ కథలల్లేశారు. అంతా కదలికని బట్టే!

రోబోలు చేసేవాళ్ళకి మొదట్లో అంత తీరిక లేదు. 1973లో జపాన్ వసేదా యూనివర్సిటీలో ఇచిరో కాటో బృందం తయారుచేసిన వాబోట్-1 పడిపోకుండా నడవడమే ఘనకార్యం. ఇక ఏడుపూ నవ్వూ ఎవరిక్కావాలి? 1990ల చివర్లో ఎం.ఐ.టి.లో సింథియా బ్రెజీల్ చేసిన కిస్మెట్‌కి కనుబొమలు, పెదాలు, చెవులు కదిలేవి గానీ మెడ కింద ఒళ్ళే లేదు. 2000లో వచ్చిన హోండా వారి అసిమో సరిగ్గా దీనికి తిరగేసి. ఒళ్ళంతా ఉంది, మొహం ఉండాల్సిన చోట హెల్మెట్ అద్దం.

రెంటినీ కలిపింది మళ్ళీ వసేదా వాళ్ళే. 2009లో వాళ్ళు చూపించిన కోబియాన్ ఏడు భావాలు పలికించేది. సంతోషమైతే చేతులు పైకెత్తి, నోరూ కళ్ళూ పెద్దవి చేసేది. దుఃఖమైతే ఒళ్ళు వంచి, తల వాల్చి, మొహం దగ్గర చెయ్యి పెట్టుకునేది. ఆ తర్వాత ఫ్రెంచి రోబో నావో మీద ప్రయోగాలు జరిగాయి. 58 సెంటీమీటర్ల బుడత, మొహం అస్సలు కదలదు. అయినా భంగిమ చూసి జనం భావం పోల్చుకున్నారు. తల ఎత్తితే గర్వం, సంతోషం, దించితే విచారం ఎక్కువగా కనబడ్డాయి.

రోబోలో దుఃఖమేమీ లేదు, ఉన్నవి మోటార్లే. మిగతాది చూసేవాడు నింపుకుంటాడు. నాన్న విషయంలో నేను చేసిన తప్పు దీనికి తలకిందులు. లోపల అంతా ఉంది, మోటార్లే మొరాయించాయి. నేనేమో అక్కడ ఏమీ లేదనుకున్నాను.

పోయిన శనివారం ఫోన్ కాస్త దూరంగా పెట్టమని అమ్మకి చెప్పాను. నా గొంతు వినగానే నాన్న పడక్కుర్చీలో మెల్లిగా, చాలా మెల్లిగా, ముందుకి వంగారు. ప్రతిసారీ అలాగే వంగుతారుట!