టే వంతెన గుండెలో బ్లోహోల్స్

1879 డిసెంబరు 28, ఆదివారం రాత్రి. స్కాట్లండ్‌లో టే నది సముద్రంలో కలిసేచోట పెనుగాలి. ఏడుంపావు వేళ డండీ వెళ్లే రైలు వంతెన ఎక్కింది. వెనక పెట్టె దీపాలనే చూస్తున్న సిగ్నల్ గదివాళ్లకు ఒక మెరుపు కనిపించింది, ఆపైన చీకటి. నడిమి భాగంలోని 13 గర్డర్లూ రైలుతో సహా నీళ్లలో పడ్డాయి. ఒక్కరూ బతకలేదు. పేర్లతో సహా తేలిన మృతులు 59 మంది.

వంతెన తెరిచి ఏణ్ణర్ధమే అయింది. దానిమీద ప్రయాణించిన విక్టోరియా రాణి 1879లోనే దాని ఇంజినీరు థామస్ బౌచ్‌కు సర్ బిరుదు ఇచ్చింది. ఎంత ఎత్తు నుంచి పడిపోయాడో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

విచారణలో, వంతెనకు ఇనుము పోతపోసిన వార్మిట్ ఫౌండ్రీ మోల్డర్లు సాక్ష్యం చెప్పారు. వంతెనను మోసే పోత ఇనుప స్తంభాలకు చెవుల్లాంటి లగ్గులు ఉండేవి. గాలికి స్తంభాలు ఊగకుండా పట్టే ఇనుప కడ్డీలను వాటికే బిగించారు. మూసలో చిక్కుకున్న వాయువు బయటికి పోయే దారిలేక పోతల్లో బ్లోహోల్స్ మిగిల్చింది. అలాంటి పోతను పగలగొట్టి మళ్లీ కరిగించాలి. అక్కడ అలా చేయలేదు. తేనెమైనం, ఫిడేలు కమానుకు రాసే రోజిన్, ఇనుప రజను, దీపపు మసి కలిపి కాచి రంధ్రాల్లో కూరారు. ఆరాక రుద్దితే అచ్చం ఇనుములాగే మెరిసేది. ‘బోమాంట్ ఎగ్’ అని దానికో పేరు కూడా ఉండేది. పేరు పెట్టుకునేంత మామూలు పని అయిపోయిందంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది. బుడగ లోహం చేసిన తప్పు, మైనం మనిషి చేసిన తప్పు.

అల్యూమినియం పోతలకూ ఇదే జబ్బు. కరిగిన అల్యూమినియం గాలిలోని తేమ నుంచి హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని ఇముడ్చుకునే శక్తి సుమారు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. మిగిలిన వాయువు చిన్న చిన్న బుడగలై లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు పోయకముందే ఆర్గాన్ ఊది దాన్ని తరిమేస్తారు, పోశాక ఎక్స్‌రే తీస్తారు. వార్మిట్ పనివాడికి ఉన్నవి కళ్లూ సుత్తీ మాత్రమే. ఆ కళ్లకైనా రంధ్రాలు కనిపించాయి కదా!

రంధ్రాలొక్కటే వంతెనను కూల్చలేదు. గాలి తోపుడుకు బౌచ్ తన లెక్కల్లో చోటే ఇవ్వలేదు. కడ్డీలు వదులై గలగలమంటుంటే పర్యవేక్షకుడు ఇనుప ముక్కలు దూర్చి సరిపెట్టాడు, ఇంజినీరుకు చెప్పలేదు. లండన్‌లో లోహాల బలాన్ని పరీక్షించే కిర్కాల్డీ పరీక్షిస్తే, 60 టన్నులు మోయాల్సిన లగ్గులు సుమారు 20 టన్నులకే విరిగాయి. విరిగింది మంచి ఇనుమే అయినా సరే, బోల్టు రంధ్రాలను ఏటవాలుగా పోయడంతో బరువంతా ఒక అంచు మీదే పడేది.

నిందలో పెద్ద వాటా బౌచ్‌దేనని 1880 జూన్‌లో నివేదిక తేల్చింది. అక్టోబరులో ఆయన 58వ ఏట కన్నుమూశాడు. ఫోర్త్ నది మీద ఆయన కట్టాల్సిన వంతెన చేజారింది. విచారించిన ముగ్గురిలో ఒకరైన విలియం బార్లో, పాతదాని పక్కనే కొత్త టే వంతెనకు రూపమిచ్చాడు. 1887లో అది తెరుచుకుంది. ఆ రాత్రి పడకుండా నిలిచిన పాత గర్డర్లను దానికి వాడుకున్నారు. పాత స్తంభాలను మాత్రం వాడలేదు.