అణాకు ఒక దోమకాటు

సికిందరాబాదు పేరు ప్రపంచ వైద్యచరిత్రకు ఎక్కిన రోజు 1897 ఆగస్టు 20. ఆనాడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం మనందరికీ తెలిసినదే. ఆ దోమ తాగిన నెత్తురు మాత్రం హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. కుట్టిన ఒక్కొక్క దోమకూ అతనికి ముట్టింది ఒక అణా, అంటే రూపాయిలో పదహారో వంతు.

హుసేన్ ఖాన్ అప్పటికే జబ్బు మనిషి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అంతకు రెండేళ్ళ ముందు, 1895లో, ఇదే సికిందరాబాదులో రాస్ ప్రయోగానికి ఒప్పుకున్న ఆరోగ్యవంతుడైన యువకుడు. రాస్ అతని పేరును లచ్మన్ అని రాసుకున్నాడు. ఇంట్లో వాళ్ళు లక్ష్మణ్ అని పిలిచేవారో, లచ్చన్న అనేవారో! దోమ చచ్చి నీళ్ళలో పడితే ఆ నీళ్ళు తాగినవారికి మలేరియా వస్తుందని రాస్ గురువు పాట్రిక్ మాన్సన్ ఊహ. అది తేల్చుకోవడానికి, రోగి నెత్తురు తాగిన దోమలు చచ్చిన నీళ్ళను లచ్మన్ చేత తాగించారు. కొన్నాళ్ళకు అతనికి కొద్దిగా జ్వరం తగిలింది. రాస్ సంబరపడ్డాడు. మరికొందరికి తాగించి చూస్తే ఆ ఊహ నిలబడలేదు. బజారు జనం తన దగ్గరికి రావడం లేదని, వేలి మీద ఒక్క సూదిపోటుకు రెండు మూడు రూపాయలిస్తానన్నా చేతబడి అనుకుంటున్నారని రాస్ వాపోయాడు. చేతబడి అన్నవాళ్ళను చూసి నవ్వుకోవడం సులువు. సైనిక వైద్యుడైన దొర ఒక సూదిపోటుకు అంత సొమ్ము ఇవ్వజూపితే ఎవరైనా అనుమానించరా?

లచ్మన్ ఏ కాగితం మీదా సంతకం చేసినట్టు నేను చదవలేదు. అయిదేళ్ళ తరువాత క్యూబాలో ఆ కాగితం పుట్టింది. ఎల్లో ఫీవరు అనే పచ్చజ్వరం దోమల వల్లనే వస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. ఆ జ్వరాన్ని పరిశోధించడానికి అమెరికా సైన్యం 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన ఒక సంఘాన్ని హవానాకు పంపింది. సంఘ సభ్యుడు జెస్సీ లాజియర్ సెప్టెంబరులో ఆ జ్వరంతోనే మరణించాడు. నవంబరులో అతని పేరుతో ఒక శిబిరం వెలసింది. స్పెయిన్ నుంచి బతుకుతెరువుకు అప్పుడే ఓడ దిగిన కూలీలను అందులో చేర్చుకున్నారు. ఒప్పుకుంటే 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే మరో 100. చనిపోతే ఆ సొమ్ము వారు చెప్పినవారికి చేరుతుంది. మధ్యలో శిబిరం విడిచిపోతే సొమ్ము పోయినట్టే.

ఆ ఒప్పందపత్రాన్ని వైద్యనీతి చరిత్రకారులు గొప్పగా చెబుతారు. ప్రాణాపాయం ఉందని కాగితం మీద, ఆ కూలీల స్పానిష్ భాషలోనే రాయడం ఆనాటికి నిజంగా గొప్పే. కాని అందులోనే ఒక తిరకాసు ఉంది. ఈ ద్వీపంలో ఉంటే జ్వరం ఎలాగూ తప్పదు, అటువంటప్పుడు మంచి వైద్యం దొరికేచోట తెచ్చుకోవడమే మేలు అని కూలీ చేత ఒప్పించే వాక్యమది. పేదవాడి దురదృష్టాన్నే అతనికి లాభంగా లెక్కకట్టి చూపే ఇలాంటి తర్కం నాకు మింగుడుపడదు.

జాన్ కిసింజర్, జాన్ మోరాన్ అనే ఇద్దరు అమెరికన్లు సొమ్ము అక్కరలేదన్నారు. ఆ మాట అమెరికాలో కథగా మారింది. 1929లో అక్కడి కాంగ్రెసు ఆ ప్రయోగాలలో పాల్గొన్న అమెరికన్లకు గౌరవపట్టికను, బంగారు పతకాలను, పింఛనును మంజూరు చేసింది. స్పెయిన్ కూలీల పేర్లు ఆ పట్టికలో లేవు. రీడ్ శిబిరంలో ప్రయోగం వల్ల ఎవరూ చనిపోలేదు. కాని 1901 ఆగస్టులో, హవానాలోనే జరిగిన మరొక ప్రయోగంలో, 100 డాలర్లకు ఒప్పుకున్న క్లారా మాస్ అనే పాతికేళ్ళ అమెరికన్ నర్సు దోమకాటు వల్ల చనిపోయింది. దానితో మనుషుల మీద ఆ ప్రయోగాలు ఆగిపోయాయి. డబ్బు తీసుకున్నవాడి సాహసం సాహసం కాదని ఎవరూ పైకి అనరు. ఆ స్పెయిన్ కూలీల విషయంలో గౌరవపట్టిక ఆ పని నిశ్శబ్దంగా చేసింది.

ఆ తరువాత ఇది వ్యాపారమైంది. 2010లో రాబర్టో అబాడీ రాసిన పుస్తకంలో, ఫిలడెల్ఫియాలో మందుల పరీక్షలే జీవనోపాధిగా బతికే మనుషులు కనిపిస్తారు. ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి పోతుంటారు. 2006 మార్చిలో లండన్‌లో తలా రెండు వేల పౌండ్లకు ఒప్పుకున్న ఎనిమిది మందిలో ఇద్దరికి ఉత్తుత్తి మందు పడింది. అసలు మందు పడిన ఆరుగురూ కొద్ది గంటల్లోనే చావు అంచుకు వెళ్ళి బతికి బయటపడ్డారు. ఒకరు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు.

మన దగ్గర ఎక్కువగా జరిగేవి బయో ఈక్వివలెన్స్ పరీక్షలు. వేరొకరి మందుకు నకలుగా తయారుచేసినది కూడా అసలు మందులాగే రక్తంలో చేరుతున్నదా అని చూడడం. ఆరోగ్యవంతులను కేంద్రంలో ఉంచి, మందు మింగించి, మళ్ళీ మళ్ళీ నెత్తురు తీస్తారు. మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాదులో ఇటువంటి కేంద్రాలు వెలయడంలో వింత లేదు. 2011లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద స్త్రీలను దళారుల ద్వారా హైదరాబాదుకు తీసుకుపోయి రొమ్ము కాన్సరు మందును పరీక్షించారు. వారికి ఆ జబ్బు లేదు. ఊరికి తిరిగివచ్చాక ఒళ్ళునొప్పులతో మంచం పట్టామని వారు చెప్పడంతో గొడవ బయటపడింది. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ కంపెనీ అనుమతిని నిలిపివేశారు.

2019లో వచ్చిన కొత్త నిబంధనలు ఈ పరీక్షలు చేసే కేంద్రాలకు అనుమతి తప్పనిసరి చేశాయి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యమూ పరిహారమూ ఇవ్వాలన్నాయి. కాని ఆ హాని పరీక్ష వల్లనే కలిగిందని తేలాలి. నెలల తరువాత మోకాళ్ళు పట్టేసిన ఒక కూలి మనిషి, అది మిరపచేలో వంగి పనిచేసినందుకు వచ్చినది కాదని, ఎక్కడికి వెళ్ళి, ఏ కాగితం చూపి రుజువు చేసుకుంటుంది?