పళ్ళసెట్టు చరిత్ర

కన్నడంలో ఒక సామెత ఉంది. పళ్ళుంటే శనగలుండవు, శనగలుంటే పళ్ళుండవు. బెళ్ళందూరులో ఉండే మా తెలుగువాళ్ళు కూడా దీన్ని వాడతారు. పళ్ళు ఊడిపోయినవాళ్ళు మళ్ళీ నమిలి తినే దారి మనిషికి ఎలా దొరికిందో, అది పేదవాళ్ళ దాకా ఎలా వచ్చిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

పూర్వం పళ్ళసెట్టు గొప్పవాళ్ళ వస్తువు. 1789లో జార్జి వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడు అయ్యేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయనవి కొయ్యపళ్ళు అంటారు గానీ అది నిజం కాదు. నీటి ఏనుగు దంతం, మనుషుల పళ్ళు, లోహం కలిపి ఆయనకు సెట్లు చేశారు. 1815లో వాటర్లూ యుద్ధం అయ్యాక చనిపోయిన సైనికుల పళ్ళు పీకి సెట్లలో పెట్టి అమ్మారు. ఒకరి నోరు నింపడానికి ఇంకొకరి నోరు ఖాళీ చేశారన్నమాట!

దీన్ని మార్చింది రబ్బరు. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత గట్టి రబ్బరుతో చిగుళ్ళ భాగాన్ని అచ్చులో చేయడం వచ్చింది. దంతం చెక్కే పని తప్పింది, ధర తగ్గింది. కానీ పేటెంటు ఉన్న కంపెనీ డాక్టర్ల దగ్గర డబ్బు వసూలు చేసేది. ఆ గొడవ ముదిరి, 1879లో ఆ కంపెనీ కోశాధికారి జోసయా బేకన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దంతవైద్యుడు కాల్చి చంపాడు. 1930ల్లో అక్రిలిక్ వచ్చింది. ఇప్పుడు మనం చూసే గులాబీ రంగు సెట్లు దానితో చేసినవే.

వస్తువు చౌక అయితే చాలదు, చేసేవాళ్ళు కావాలి కదా. ప్రపంచంలో మొదటి దంతవైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పెట్టారు. మన దేశంలో మొదటిది 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన అమెరికాలో చదువుకుని వచ్చి, తన సోడా దుకాణం ఆదాయంతో కాలేజీ నడిపాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 1958లో బెంగళూరులో, 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాలలు మొదలయ్యాయి.

ఈ కాలేజీల్లో ఎలా నేర్పుతారో నేను మా అవ్వ వెంట వెళ్ళి చూశాను. విద్యార్థులు మొదటి రెండేళ్ళు అచ్చు దవడల మీద మైనంలో పళ్ళు అమర్చడం నేర్చుకుంటారు. మూడో ఏడాది నుంచి రోగుల దగ్గరికి పంపుతారు. అవ్వకు సెట్టు చేసిన అక్క ముందు వేడినీళ్ళలో మెత్తబడిన ముద్దతో చిగుళ్ళ అచ్చు తీసింది. రెండోసారి తీసిన అచ్చు లవంగం వాసన వచ్చింది. అందులో లవంగనూనె సారం ఉంటుందట. తర్వాత నోరు మూస్తే పైదవడ, కిందిదవడ ఎంత ఎత్తులో ఉండాలో మైనం దిమ్మెలతో కొలిచింది. ప్రతి మెట్టూ సార్ చూసి సరే అన్నాకే ముందుకు వెళ్ళాలి. అందుకే చాలాసార్లు బస్సెక్కి పోవాల్సి వచ్చింది. అవ్వ విసుక్కునేది. అక్క మాత్రం "అజ్జీ, ఇంకొక్కసారి" అని కన్నడంలో బతిమాలేది. అవ్వ తెలుగులో జవాబిచ్చేది. మధ్యలో నేను ఇద్దరికీ చెప్పేదాన్ని.

మైనంలో అమర్చిన 28 పళ్ళు నోట్లో పెట్టి చూసిన రోజు సార్ అవ్వను అంకెలు చెప్పమన్నారు. మనం వ్యాకరణంలో త, థ, ద, ధ, న లను దంత్యాలు అని చదువుకున్నాం. నాలుక పైపళ్ళను తాకితేనే అవి బాగా పలుకుతాయి. పళ్ళు సరైన చోట లేకపోతే మాటలోనే తెలిసిపోతుంది. అక్కకు తెలుగు రాదు కాబట్టి నన్ను వినమంది. "తొమ్మిది, పది" స్పష్టంగా వినిపించాయి. సరిగ్గా ఉందని చెప్పాను. మన తెలుగు పాఠం దంతవైద్యానికి పనికొస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

సెట్టు పెట్టుకున్న రోజే శనగలు నమలలేరు. ముందు మెత్తటి అన్నం, రాగిముద్ద తినాలి, తర్వాత మెల్లగా గట్టివి అలవాటు చేసుకోవాలి. కిందిసెట్టు ఎక్కువగా కదులుతుంది. నాలుక, బుగ్గలే దాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి. అంటే విద్యార్థి నేర్చుకున్నాక రోగి కూడా నేర్చుకోవాలి.

వాషింగ్టన్ అంత గొప్పవాడికి దొరకని సుఖం నేడు కూలి చేసుకునే అవ్వలకు కూడా దొరుకుతోంది. దానికి కారణం రబ్బరు, అక్రిలిక్ మాత్రమే కాదు. పళ్ళులేని మనిషికి సెట్టు ఎంత అవసరమో, చదువుకునే విద్యార్థికి పళ్ళులేని మనిషి అంతే అవసరం. అవ్వ ఓపికగా నోరు తెరిచి కూర్చుంది కాబట్టే ఒక డాక్టరు తయారవుతోంది. మీ ఇళ్ళలో గంజి తాగి గడిపే పెద్దవాళ్ళుంటే, "వయసైంది, ఇంకెందుకు" అనకుండా ఒకసారి డెంటల్ కాలేజీకి పిలుచుకుని వెళ్ళండి.