ఉత్తరపు గోడ

బెంగళూరు వెళ్లినప్పుడు లాల్‌బాగ్ గాజు మేడ ముందు ఫొటో దిగని తెలుగువాళ్లు అరుదు. 1889లో పునాది పడిన ఆ మేడ ఇనుప కమానులను చూసీ చూసీ, గ్రీన్‌హౌస్ అంటే గాజే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పొలాల్లో కనిపించే పాలీహౌస్‌లదీ అదే తీరు: నాలుగు వైపులా వెలుతురు, పైన పల్చటి కప్పు. మన ఎండకు అది చాలు. లోపలి వేడిని బయటికి పంపడమే ఇక్కడి రైతు అవస్థ. మంచు కురిసే చోట కూరగాయలు పండించినవాళ్ల అవస్థ దీనికి తలకిందులు. అందుకే వాళ్ల చరిత్రలోకి దిగినకొద్దీ గాజు వెనక్కి జరిగి, దాని వెనకున్న గోడ ముందుకొస్తుంది.

గాజు పగలు ఎండను ఎంత ధారాళంగా రానిస్తుందో, రాత్రి వేడిని అంత ధారాళంగా పోగొడుతుంది. పగటి వేడిని పట్టి ఉంచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా విడిచేది బరువైన మట్టో, రాయో, ఇటుకో. ఉత్తరార్ధగోళంలో చలికాలపు సూర్యుడు దక్షిణం వైపునే వాలి తిరుగుతాడు. ఉత్తరం వైపు గాజు పెట్టినా అటునుంచి వచ్చే వెలుతురు తక్కువ, పోయే వేడి ఎక్కువ. కాబట్టి అటు గోడ ఉండాలి. ఇంత సులువైన సంగతి మనిషికి చాలా ముందే తెలుసు. మధ్యలో చాలాకాలం మరిచిపోయాడు.

మొదటి ప్రయత్నాలు గోడ దాకా రాలేదు. రోము చక్రవర్తి టైబీరియస్‌కు రోజూ భోజనంలో కీరదోసలాంటి కాయ ఉండి తీరాలట. తోటమాలులు చక్రాల మడుల్లో పాదులు పెంచి, పగలు ఎండలోకి తోసి, చలికాలంలో పలకలు బిగించిన చట్రాల కిందికి చేర్చేవారని ప్లినీ రాశాడు. ఆ పలకలు గాజువి కావు. మన గూడూరు అభ్రకంలా పొరలుగా చీలే, వెలుతురు సాగే రాయి.

నిజమైన కట్టడం కొరియాలో కనిపిస్తుంది. 1450ల ప్రాంతంలో జొన్ సూనీ అనే రాజవైద్యుడు రాసిన 'సంగయోరోక్' అనే పుస్తకంలో చలికాలం కూరలు పండించే గది వివరం ఉంది. మూడు వైపులా మట్టి గోడలు. దక్షిణం వైపు నూనె పట్టించిన కాగితం కిటికీ. నేల కింద పొగ గొట్టాలు, వాటిమీద అడుగున్నర మందాన మన్ను. కొరియా ఇళ్లలో నేలను వెచ్చబరిచే ఒండోల్ పద్ధతే మొక్కలకూ వాడారు. బయట పెద్ద కాగులో నీళ్లు మరిగించి ఆవిరిని లోపలికి మళ్లించేవారు. వేడీ తేమా రెండూ అందాలన్న ఆ ఎరుక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ పుస్తకం 2001లో గాని వెలుగులోకి రాలేదు. అందాకా గ్రీన్‌హౌస్ చరిత్రంటే యూరప్ చరిత్రే అని రాసుకున్నారు.

యూరప్‌లో గోడే ముందు వచ్చింది, అదీ కప్పు లేకుండా. పారిస్ పక్కన మాంత్రేయిలో 17వ శతాబ్దం నుంచి పీచ్ చెట్లను ఎండ సోకే గోడలకు ఆనించి, కొమ్మలను గుడ్డపీలికలతో మేకులకు బిగించి పెంచారు. జిప్సం పూసిన ఆ గోడలు చివరికి వందల కిలోమీటర్లకు పాకాయి. న్యూటన్ స్నేహితుడైన స్విస్ గణితవేత్త ఫాషియో ద దుయిలియె 1699లో ఈ గోడల మీదే ఒక పుస్తకం రాశాడు. గోడను నిటారుగా కాక ఏటవాలుగా కడితే ఎక్కువ ఎండ పడుతుందని లెక్కగట్టి, సూర్యుడితో పాటు తిరిగే ఏర్పాటు కూడా ఊహించాడు. తర్వాత అలాంటి గోడలకే గాజు చట్రాలను చేర్చారు. ఇంగ్లండులో జమీందార్ల తోటల్లో ఒకవైపు ఇటుక గోడ, దాన్నుంచి దక్షిణానికి జారే గాజు కప్పు ఉన్న వసారాలు అలా పుట్టినవే.

అక్కడే చరిత్ర దారి మళ్లింది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది. ఇనుము చవకైంది, వేడినీటి గొట్టాలు వచ్చాయి, బొగ్గుకు కొదవ లేదు. ఇక గోడతో పనేమిటి? తోటలు కట్టే జోసెఫ్ పాక్స్‌టన్ 1851లో లండన్ హైడ్ పార్క్‌లో సుమారు 3 లక్షల గాజు పలకలతో క్రిస్టల్ ప్యాలెస్ నిలబెట్టేసరికి ప్రపంచం నోరెళ్లబెట్టింది. లాల్‌బాగ్ మేడకు స్ఫూర్తి అదే. అందంలో ఆ కట్టడాలకు సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ కూరగాయల సాగు ఆ దారి పట్టడంతో గోడ చేసే పని పొయ్యికి అప్పజెప్పినట్టయింది. నెదర్లాండ్స్ దాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది. 1959లో గ్రోనింగెన్‌లో బయటపడిన సహజవాయువు అక్కడి గాజు తోటలను దశాబ్దాలపాటు వెచ్చగా ఉంచింది. 2022లో గ్యాస్ ధర కొండెక్కినప్పుడు కొందరు రైతులు ఆ చలికాలం తోటలను ఖాళీగా వదిలేయాల్సివచ్చింది.

గాజు కొనే స్తోమత లేక మరో దారి వెతికినవాడు అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయపు ఎమరీ ఎమ్మర్ట్. 1948లో చెక్క చట్రం మీద సెలొఫేన్ పొర కప్పి పనికానిచ్చాడు, తర్వాత పాలిథీన్‌కు మారాడు. ఈనాటి పాలీహౌస్‌లన్నిటికీ అదే మూలం. పేద రైతుకు గ్రీన్‌హౌస్ అందిందంటే ఈయన చలవే. అయితే పల్చటి పొరకు రాత్రి చలిని ఆపే శక్తి గాజుకున్నంత కూడా లేదు.

పొరను, గోడను మళ్లీ కలిపింది చైనా రైతులు. లియావోనింగ్‌లో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతిని షాన్‌డాంగ్ రాష్ట్రంలోని షౌగ్వాంగ్ దగ్గర ఒక ఊరివాళ్లు 1989లో నేర్చుకొచ్చి 17 తోటలు కట్టారు. ఉత్తరాన మీటర్ల మందం మట్టి గోడ, దక్షిణాన వంపు తిరిగిన పాలిథీన్, సాయంత్రం కాగానే దానిమీద పరిచే గడ్డి చాపలు. బొగ్గు లేకుండా నడిచలికాలంలో దోసకాయలు కాశాయి. ఉత్తర చైనాలో చలికాలమంతా క్యాబేజీతో గడిపే రోజులు అలా వెనక్కిపోయాయి.

మన దేశంలో ఈ గోడ అవసరం లదాఖ్‌కు తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగుతుంది. కనుమలు మంచుతో మూసుకుపోతే ఒకప్పుడు నెలల తరబడి లారీలు వచ్చేవి కావు. అక్కడి సైనికులకు తాజా కూర అందించడానికి 1960లలో మొదలైన రక్షణశాఖ పరిశోధనశాలే ఇప్పటి డీహార్. మూడడుగుల లోతు కందకం తవ్వి, కర్రలు పేర్చి, పాలిథీన్ కప్పి ఆకుకూరలు పండించడం అక్కడ సామాన్య రైతులూ అందిపుచ్చుకున్నారు.

ఆ తర్వాత జెరెస్ వంటి సంస్థలు, ఊళ్లవాళ్లు కలిసి కట్టినవి ఇంకా గట్టివి. ఎండబెట్టిన మట్టి ఇటుకలతో రెండు వరసల గోడ, నడుమ ఊకో గడ్డో దట్టించి మూడు వైపులా లేపుతారు. ఉత్తరపు సగం మీద పోప్లర్ దూలాలు, గడ్డి, మట్టి కప్పు. మిగతాది దక్షిణానికి వాలే పాలిథీన్. డిసెంబరు చివర లేహ్‌లో నడిమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి 32 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. అంత కిందినుంచి వచ్చే ఎండ లోపలి మూలదాకా వెళ్లి ఉత్తరపు గోడను తాకాలంటే ముందువైపు కప్పు బాగా నిటారుగా ఉండాలి. చాలామంది ఆ గోడకు లోపల నల్లరంగు పూస్తారు.

ఏటికాలువ గడ్డకట్టిన జనవరిలో అలాంటి తోట తలుపు వంగి దాటితే ముందు తగిలేది తడి మట్టి వాసన. పాలిథీన్ లోపలివైపు నీటి బొట్లు బారులు తీరి ఉంటాయి. మోకాలి ఎత్తున పాలకూర, పక్కన కొత్తిమీర. పొద్దు వాలాక ఉత్తరపు గోడ మీద అరచెయ్యి ఆనిస్తే, అన్నం వార్చి చాలాసేపైన పొయ్యిగట్టులా గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం మీదే మొక్క తెల్లవారుదాకా బతకాలి.

ఈ గోడకూ గండం వచ్చింది. 2010 ఆగస్టులో లేహ్ మీద విరుచుకుపడిన కుంభవృష్టికి ఎన్నో మట్టి కట్టడాలు కరిగి కూలాయి. ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్ల వాన ఎరిగిన నేల అది. అలాంటి వానను కూడా లెక్కలోకి తీసుకుంటే గోడ కింద రాతి పునాది నేలకు జానెడు పైకి లేవాలి, కప్పు చూరు గోడను దాటి బయటికి రావాలి. పాలిథీన్‌ను ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. కాపలా అక్కడితో ఆగదు: రోజూ సాయంత్రం నాలుగింటికి ఇంటి ఆడమనిషి వచ్చి, ఎండ గోడ మీదనుంచి తప్పుకుందని చూసుకుని, రాత్రి వేడి పోకుండా పాలిథీన్ లోపలివైపు కట్టిన తెరను తాడుతో కిందికి దించుతుంది.