ఆనకట్ట తరువాత కాటన్: సేద్యగాడైన ఒక సైనికుని వృద్ధాప్యం

హాలియా పరిసర సంఘాలలో సర్ ఆర్థర్ కాటన్ పేరు ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. అయితే ఆ కథ ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతుంది. 1852లో ఆనకట్ట పూర్తయ్యేనాటికి ఆయన వయస్సు 49 సంవత్సరాలు. ఆ తరువాత మరి 47 సంవత్సరాలు బ్రతికాడు. ఆ రెండవ సగాన్ని, ముఖ్యంగా మట్టి త్రవ్వించుతూ గడిపిన వృద్ధాప్యాన్ని, మెట్ట ప్రాంతపు కాపరులు గమనించాలని మా అభిప్రాయం.

కాటన్ 1803 మే 15న జన్మించాడు. ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళపు అధికారిగా మన దేశానికి వచ్చాడు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. సైన్యంలో ఉండగానే సువార్త విశ్వాసాన్ని గట్టిగా పట్టుకొన్నాడు. 1832-33లో కృష్ణకు అవతల గుంటూరు సీమను డొక్కల కరువు తినివేసింది. నదులు నిండుగా సముద్రంలో కలుస్తుండగా ప్రజలు ఆకలితో చావటమేమిటన్న ప్రశ్న ఆయనను వదలలేదు. కావేరి, కొల్లడం పనులలో నేర్చిన విద్యతో 1847లో గోదావరిపై ఆనకట్ట ప్రారంభించాడు. ఇదంతా పాఠకులకు తెలిసినదే. ఒక మాట మాత్రం దాచకూడదు: ఆయన కంపెనీ ఉద్యోగి. నీళ్లిస్తే శిస్తు పెరుగుతుందని లెక్కలు చూపించే పై అధికారులను ఒప్పించాడు. కరుణ, ఖజానా రెండూ ఆ కాలువలలో ప్రవహించాయి.

1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగ విరమణ తరువాత కొంతకాలానికి లండనుకు దక్షిణాన ఉన్న డార్కింగ్ పట్టణంలో స్థిరపడ్డాడు. రైళ్లకంటే పడవ కాలువలే మేలని 1878లో పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు గాని, ఆ వాదన నెగ్గలేదు. అప్పుడు ఆ ముసలి జనరల్ తన ఇంటి నేలవైపు తిరిగాడు. నాగలి అందని అడుగు మట్టిని లోతుగా త్రవ్వి గుల్లచేస్తే గాలి, తేమ లోపలికి దిగుతాయని, వేరు లోతుకు పోతుందని, అదే పొలంలో ఎన్నో రెట్ల గోధుమ పండుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చిన్న మడులలో పరీక్షించాడు. పంట గురించి ఎవరికైనా చెప్పటానికి ఆయనకు విసుగులేదు.

మా ప్రాంతానికి ఈ భాగం ఎందుకు ముఖ్యం? కాలువ పల్లానికి పోతుంది. గోదావరి డెల్టా పచ్చబడి నూరేళ్లు దాటినా ఇక్కడి ఖుష్కి భూములు ఆకాశంవైపే చూశాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాతే ఈ సీమలో తరి సేద్యం విస్తరించింది. కాలువ ఎక్కని చెలకలు ఈనాటికీ ఉన్నాయి. ఆనకట్ట కట్టిన కాటన్ ఆ రైతుకు చెప్పగలిగింది తక్కువే. ఉన్న వానను, ఉన్న మట్టిని ఎలా వాడుకోవాలని అడిగిన డార్కింగ్ కాటన్ మాత్రం అతని పక్కనే నిలబడతాడు. లూకా 13లో, ఫలించని అంజూరపు చెట్టును నరకవద్దని, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానని యజమానిని బ్రతిమాలిన తోటమాలి మాకు ఇక్కడ గుర్తుకు వస్తాడు.

ఆయన పద్ధతిని ఉన్నది ఉన్నట్లు ఇక్కడికి తేవాలని మేము అనటం లేదు. కూలి ఖర్చు లెక్కచూడనవసరంలేని పెన్షనుదారుడు చిన్న మడిలో పండించినదానిని ఎకరాలతో గుణించటం తప్పు. పైగా మన చెలకలలో చాలాచోట్ల కాస్త త్రవ్వగానే మొరం తగులుతుంది. దానిని పైకి తెస్తే ఉన్న మట్టి కూడా పాడవుతుంది. ఇంజనీరుకు తన లెక్కమీద ఉన్న ధీమా ఆ సేద్యగాడిలోనూ మిగిలింది.

ఇక ఆయన మరణం. ఇక్కడ కాపరులకు ఒక హెచ్చరిక అవసరం. కాటన్ జీవిత చరిత్రను 1900లో ప్రచురించినది ఆయన కుమార్తె లేడీ హోప్. డార్విన్ చివరి రోజులలో బైబిలు చదువుతూ తన సిద్ధాంతం గురించి విచారపడ్డాడని 1915లో ఒక అమెరికా బాప్టిస్టు పత్రికలో అచ్చయిన కథ కూడా ఈమె చెప్పినదే. ఆ కథను డార్విన్ కుమార్తె 1922లో బహిరంగంగా ఖండించింది. అయినా అది మన వేదికలమీద నేటికీ చెలామణీ అవుతున్నది. కనుక తండ్రి గురించి ఆమె వ్రాసినదానిని కూడా ప్రేమగల కుమార్తె సాక్ష్యంగా, ఇతర ఆధారాలతో సరిపోల్చుకొనే చదవాలి. కాటన్ మరణశయ్యకు మనం కొత్త మాటలు కల్పించనవసరం లేదు. విశ్వాసిగా ఆయన బ్రతికిన తీరే చాలినంత ఉంది.

1899 జూలై 24న, 96 ఏండ్ల వయస్సులో, డార్కింగ్‌లోనే కాటన్ కన్నుమూశాడు. ఆ ఊరి స్మశానంలోనే సమాధి చేశారు. దక్షిణ ఇంగ్లాండులో గోధుమ కోతలు దగ్గరపడే రోజులవి.