నైపుణ్యమా, జూదమా? – పిన్‌బాల్ యంత్రం, రమ్మీ తీర్పు: ఒక చారిత్రక పరిశీలన

1. ప్రస్తావన

ఒక ఆటను జూదంగా పరిగణించాలంటే చట్టం చాలాకాలం ఒకే ప్రశ్న వేసింది: గెలుపు ఆటగాడి నైపుణ్యం వల్ల వచ్చిందా, అదృష్టం వల్ల వచ్చిందా? అమెరికాలో పిన్‌బాల్ యంత్రం, తెలుగునాట రమ్మీ ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, ఆ ప్రశ్నకున్న పరిమితిని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

2. యంత్ర స్వరూపం

షికాగోకు చెందిన గాట్లీబ్ సంస్థ 1965లో ‘బకరూ’ అనే పిన్‌బాల్ యంత్రాన్ని విడుదల చేసింది. రూపకర్త వేన్ నేయన్స్, చిత్రకారుడు రాయ్ పార్కర్. తెలుగు ప్రేక్షకులకు 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రం దగ్గర చేసిన కౌబాయ్ ప్రపంచమే దీని ముందుపలక మీది ఇతివృత్తం. ఇందులో కంప్యూటర్ లేదు. బంతి తగలగానే స్విచ్ కలుస్తుంది, విద్యుదయస్కాంతం అంకెల చక్రాన్ని ఒక మెట్టు తిప్పుతుంది, గంట మోగుతుంది.

బంతిని తిరిగి కొట్టే ఫ్లిప్పర్లు 1947లో ‘హంప్టీ డంప్టీ’తో వచ్చాయి. వాటితో నైపుణ్యానికి చోటు పెరిగింది. అయితే ఈ కోవకు చెందిన అనేక యంత్రాల్లో, ఆట ముగిశాక వెలిగే అంకె ఆటగాడి స్కోరులోని చివరి అంకెతో కలిస్తే మరో ఆట ఉచితం. అది కేవలం అదృష్టం. ఒకే పెట్టెలో రెండూ ఉన్నాయన్నమాట.

3. రెండు విచారణలు

న్యూయార్క్ నగరం 1942లో పిన్‌బాల్‌ను జూదమని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ నగర మండలి సభ్యుల ఎదుట బంతి ఏ దారిలో పడుతుందో ముందే చెప్పి, అలాగే పడేట్లు ఆడి చూపారు. నిషేధం తొలగింది.

1911లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు 1930 నాటి మద్రాసు జూద శాసనం వర్తించింది. హైదరాబాదు ప్రాంతంలో ఫసలీ 1305 నాటి చట్టం ఉండేది. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలను రెండూ మినహాయించాయి. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని తీర్పునిచ్చింది. అయితే నిర్వాహకులు ఆటనుంచి లాభం గడిస్తే అది నేరం కావచ్చునని కూడా సూచించింది. రెండు ప్రాంతాలకూ ఉమ్మడి చట్టం 1974లో వచ్చింది.

4. ముగింపు

తీర్పులోని ఆ రెండో మాటకు తగినంత ప్రాధాన్యం దక్కలేదు. ‘నైపుణ్యం’ అన్న పేరు ఆటకు రక్షణ కల్పించింది గాని, ఓడినవాని ఇంటికి కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ సవరణ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధ పరిధిలోకి తెచ్చింది. 2025 నాటి కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న విచక్షణ లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. గెలుపు ఎలా వచ్చిందన్న ప్రశ్న నుంచి, పందెపు సొమ్ము ఎవరి చేతికి చేరుతున్నదన్న ప్రశ్నకు చట్టం మళ్ళింది. ఆటల చరిత్రను పరిశీలించేవారు కూడా మొదట అడగవలసింది ఈ రెండో ప్రశ్ననే.