రిపబ్లిక్ (2021 తెలుగు చలనచిత్రం)

‘వెన్నెల’ (2005), ‘ప్రస్థానం’ (2010) చిత్రాల దర్శకుడు దేవ కట్టా తీసిన రాజకీయ చిత్రం ‘రిపబ్లిక్’ 2021 అక్టోబరు 1న విడుదలైంది. ఇందులో పంజా అభిరామ్ అనే యువ ఐఏఎస్ అధికారిగా సాయిధరమ్ తేజ్, అతని తండ్రి దశరథ్‌గా జగపతిబాబు, విశాఖ వాణి అనే రాజకీయ నాయకురాలిగా రమ్యకృష్ణ నటించారు. సంగీతం మణిశర్మది.

తెల్లేరు అనే సరస్సును ఆక్రమించి సాగే చేపల చెరువులు, వాటివల్ల నీటికీ మనుషులకూ కలిగే హాని, ఆ వ్యాపారానికి రాజకీయాధికారం ఇచ్చే అండ కథకు మూలం. అభిరామ్‌ను ప్రజావేగు, అంటే తాను పనిచేసే వ్యవస్థలోని అక్రమాన్ని వెల్లడించే వ్యక్తి, అనవచ్చునా అన్నది కొంత చర్చనీయమే. అతనికి కలెక్టరుగా ఆదేశాలిచ్చే అధికారం కూడా ఉంది. అయితే ఆ అధికారం అతన్ని కాపాడలేకపోవడం, చివరికి అతను హతుడు కావడం చూస్తే ఆ పేరు తగినదేననిపిస్తుంది. 2003లో జాతీయ రహదారి పనుల్లో అవినీతిని బయటపెట్టిన ఇంజనీరు సత్యేంద్ర దూబే హత్య తరువాత ప్రజావేగులకు రక్షణ కల్పించాలని ఊపందుకున్న డిమాండు ఫలితంగా 2014లో అందుకు చట్టం వచ్చినా, చిత్రం విడుదలయ్యేనాటికి అది అమల్లోకి రాలేదు.

తెల్లేరు కల్పితమని చెప్పినా, కొల్లేటి చేపల రైతులు దాన్ని తమ సరస్సుగానే గుర్తించి, తమ చేపలకు చెడ్డపేరు వస్తుందని అభ్యంతరం తెలిపారు. చిత్రంలోని వివరాలు ఈ రెండో అభిప్రాయానికే ఎక్కువ బలమిస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరును ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అందులోని చెరువు గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. జీవనోపాధి కోల్పోయిన చిన్న రైతుల కోణానికి చిత్రంలో దక్కిన చోటు తక్కువ, అది లోపమే.

సాయిధరమ్ తేజ్ సెప్టెంబరు 10న రోడ్డు ప్రమాదంలో గాయపడటంతో ఆయన లేకుండానే చిత్రం విడుదలైంది. నవంబరులో జీ5లో వచ్చింది.

‘రిపబ్లిక్’ కోవలోనిదే జేకబ్ వర్గీస్ కన్నడ చిత్రం ‘పృథ్వి’ (2010). బళ్ళారిలో అక్రమ గనుల తవ్వకాన్ని ఎదిరించే జిల్లాధికారిగా అందులో పునీత్ రాజ్‌కుమార్ నటించారు. ఆ తవ్వకాలపై లోకాయుక్త సంతోష్ హెగ్డే తుది నివేదిక 2011 జూలైలో వెలువడగా, ఆ నెలాఖరున ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేశారు.